షష్టిపూర్తి విందులో షుగర్ ఉన్న నాన్నగారికి మిఠాయి: పంచదారకు బదులు ఏది వాడాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా నాన్నగారి షష్టిపూర్తిని కావలిలో మా ఇంట్లోనే జరుపుకుంటున్నాం. ఆయనకు పదకొండేళ్లుగా షుగర్ వ్యాధి ఉంది, మాత్రలతో అదుపులో ఉంచుకుంటున్నారు. తన వేడుకకు వచ్చిన చుట్టాలందరూ విస్తట్లో తీపి వడ్డించుకుని తింటూ ఉంటే ఆయన ఒక్కరే వద్దని చెయ్యి అడ్డం పెట్టడం నాకు చూడబుద్ధి కావడం లేదు. అందుకని ఆయన కూడా తినగల మిఠాయి ఒకటి రెండు రకాలైనా చేయించాలని నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు ఎదురుదెబ్బ తగిలింది.

మొదటిసారి ఒక దుకాణంలో ‘షుగర్ ఫ్రీ’ అని రాసి అమ్ముతున్న అంజీర్ బర్ఫీ, జీడిపప్పు బర్ఫీ చెరి పావుకిలో తెచ్చాం. చక్కెర లేదన్న ధైర్యంతో నాన్నగారు నాలుగు ముక్కలు తిన్నారు. తినేముందు గ్లూకోమీటరులో 138 ఉన్న అంకె రెండు గంటల తరువాత 251 చూపించింది. దానికి తోడు రాత్రంతా కడుపు ఉబ్బరం, విరేచనాలతో ఆయనకు నిద్ర లేదు. పెట్టె మీద చక్కెర వేయలేదన్న మాట తప్ప దాని స్థానంలో ఏం వేశారో ఎక్కడా లేదు. మళ్లీ వెళ్లి అడిగితే అమ్మే అబ్బాయికి కూడా తెలియలేదు.

రెండోసారి అమ్మ ఇంట్లోనే మైసూర్ పాక్ చేయబోయింది. టీలో వేసుకునే తీపి మాత్రలను (సీసా మీద ఆస్పర్‌టేమ్ అని ఉంది) పొడి చేసి నీళ్లలో వేసి మరిగించింది. ఎంతసేపు మరిగించినా అది నీళ్లుగానే ఉంది తప్ప రెండు వేళ్ల మధ్య తీగ సాగలేదు. సరేనని శనగపిండి వేసి కాగిన నెయ్యి పోస్తే పిండి అంతా ముద్దగా అడుగున కూర్చుంది, నెయ్యి పైకి తేలింది. పళ్లెంలో పోసి ఆరిన తరువాత కోయబోతే ముక్క రాలేదు, నోట్లో వేసుకుంటే పచ్చి పిండి వాసన తప్ప తీపి కూడా తెలియలేదు. నలభై ఏళ్లుగా చేయి తిరిగిన మనిషి ఆ పూట ఎంతో చిన్నబుచ్చుకుంది.

పంచదారకు ప్రత్యామ్నాయాలని చెప్పే వాటిలో మిఠాయికి నిజంగా పనికివచ్చేది ఏది, షుగర్ ఉన్నవారికి హాని చేయనిది ఏది, దుకాణంలో కొనేటప్పుడు ఏం చూడాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు నుంచి, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, ముందుగా మీ అమ్మగారితో ఒక మాట చెప్పండి. ఆ మైసూర్ పాక్ చెడిపోవడంలో ఆమె చేతి లోపం ఏమీ లేదు, ఆ మాత్రలతో ఎవరు చేసినా అది అలాగే వస్తుంది.

మిఠాయిలో పంచదార చేసే పని తీపి ఒక్కటే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. పంచదార నీళ్లు మరుగుతున్న కొద్దీ నీరు ఆవిరై, మిగిలిన ద్రావణం చిక్కబడి, మరిగే వేడి 100 డిగ్రీలు దాటి పైకి పోతుంది. ఒంటి తీగపాకం వచ్చేసరికి అది 105 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంత చిక్కని పాకమే శనగపిండిని పట్టి ఉంచుతుంది, కాగిన నెయ్యి పోసినప్పుడు పొంగి గుల్ల కట్టేలా చేస్తుంది, చల్లారిన తరువాత గట్టిపడి ముక్క నిలబడేలా చేస్తుంది. ఇప్పుడు ఒక లెక్క చూడండి. సుక్రలోజ్ అనే పదార్థం పంచదారకు సుమారు 600 రెట్లు తీపి. అంటే కిలో పంచదార తీపిని అది గ్రామున్నర, రెండు గ్రాముల మోతాదులోనే ఇచ్చేస్తుంది. మరి మిగిలిన 998 గ్రాముల చోటును నింపేదెవరు? మీ అమ్మగారి బాణలిలో లోటు పడింది తీపి కాదు, ఆ బరువు.

ఇక ఆమె వాడిన ఆస్పర్‌టేమ్‌కు ఇంకొక బలహీనత ఉంది. అది రెండు అమైనో ఆమ్లాలు కలిసి ఏర్పడిన పదార్థం, ఎక్కువసేపు కాగితే విడిపోయి తీపిని కోల్పోతుంది. టీ దించిన తరువాత వేసుకోవడానికి పనికివస్తుంది కానీ పొయ్యి మీద మరిగించడానికి పనికిరాదు. అందుకే మీకు తీపి కూడా దక్కలేదు.

ఈ పదార్థాలను రెండు జాతులుగా చూస్తే అయోమయం చాలావరకు తీరుతుంది. మొదటి జాతి చిటికెడుతోనే తీపినిచ్చేవి. వీటిలో పాతది శాక్రిన్. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో తారు నుంచి తీసిన పదార్థాలతో పని చేస్తున్న ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త, భోజనానికి కూర్చున్నప్పుడు తన వేళ్లకు అంటిన తీపిని గమనించి దాన్ని కనిపెట్టారు. అది వేడికి తట్టుకుంటుంది కానీ నాలుక మీద చివర్లో చేదును మిగులుస్తుంది. ఆస్పర్‌టేమ్ 1965లో, ఎసిసల్ఫేమ్ పొటాషియం 1967లో వచ్చాయి. సుక్రలోజ్ కథలో మన దేశపు యువకుడు ఒకరున్నారు. 1976లో లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ కళాశాలలో పరిశోధన చేస్తున్న శశికాంత్ ఫడ్నిస్, ఆచార్యులు ‘టెస్ట్’ చేయమంటే ‘టేస్ట్’ చేయమన్నారనుకుని ఆ పొడిని నాలుక మీద వేసుకున్నారట. స్టీవియా మాత్రం పరాగ్వే ప్రాంతపు మొక్క ఆకు నుంచి వస్తుంది. దాని తీపి సారాన్ని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2015లో అనుమతించింది.

రెండో జాతి పదార్థాలకు బరువు ఉంటుంది. మాల్టిటాల్, సార్బిటాల్, జైలిటాల్, ఎరిథ్రిటాల్ అనేవి ఇవి. పంచదారలా చూపుకు తెల్లగా, చేతికి పలుకుగా ఉంటాయి కనుక మిఠాయి దుకాణాల వారు ‘షుగర్ ఫ్రీ’ రకాలకు వీటినే, అందులోనూ మాల్టిటాల్‌ను, ఎక్కువగా వాడతారు. మీ నాన్నగారి కడుపు ఉబ్బరానికి బహుశా ఇదే కారణం. మాల్టిటాల్ చిన్న పేగులో పూర్తిగా అరగదు, మిగిలినది పెద్ద పేగుకు చేరి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గాలి పుట్టిస్తుంది. అరిగినంత మేరకు అది రక్తంలో గ్లూకోజును కూడా పెంచుతుంది. గ్రాముకు పంచదార 4 కేలరీలు ఇస్తే అది సుమారు 2 ఇస్తుంది, అంటే సగమే తగ్గింది తప్ప సున్నా కాలేదు. ఇక అంజీర్ బర్ఫీ సంగతి వేరే చెప్పాలి. ఎండు అంజీర్ బరువులో సగానికి దగ్గరగా ఉన్నది దాని సొంత చక్కెరే. ఖర్జూరంలో అది ఇంకా ఎక్కువ. పైనుంచి చెంచా పంచదార వేయకపోయినా 251 రావడంలో ఆశ్చర్యం లేదు.

జవాబు 2 (మార్కాపురం వైపు నుంచి)

ఈ రసాయనాల గొడవ ఎందుకండీ? మా ఇంట్లో ఏడాదిగా పంచదార పూర్తిగా మానేసి తాటిబెల్లంతోనే పూర్ణాలు, పాయసం చేసుకుంటున్నాం. మా అత్తగారికి కూడా షుగర్ ఉంది. బెల్లం, తేనె ప్రకృతి ఇచ్చినవి కాబట్టి వాటి వల్ల షుగర్ పెరగదని మా పెద్దలు చెబుతారు. మీరు కూడా తాటిబెల్లంతో అరిసెలు చేయించండి, పాకం కూడా చక్కగా వస్తుంది.

జవాబు 3 (నెల్లూరు నుంచి, ఆహార నిపుణురాలు)

పై జవాబు రాసిన అక్కగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, మీ అత్తగారికి ఒకసారి పాయసం తాగిన రెండు గంటలకు పరీక్ష చేసి చూడండి. తాటిబెల్లంతో పాకం చక్కగా వస్తుందని మీరే అన్నారు. పాకం రావడానికి కారణం అందులో ఉన్నది ఎక్కువ భాగం పంచదారలో ఉన్న అదే సుక్రోజ్ కావడమే. చెరకు బెల్లమైనా, తాటిబెల్లమైనా, తేనె అయినా బరువులో ఇంచుమించు 80 పాళ్లు చక్కెరలే. బెల్లంలో కొంత ఇనుము, ఖనిజాలు ఉన్న మాట నిజమే, రుచి గొప్పదన్నదీ నిజమే, కానీ షుగర్ ఉన్నవారి విషయంలో అవి పంచదారకు ప్రత్యామ్నాయాలు కావు. నా దగ్గరకు వచ్చేవారిలో ఈ నమ్మకంతో రోజూ బెల్లం టీ తాగి ఆ తరువాత బాధపడినవారిని చూస్తున్నాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

కావలి చెల్లెలు అడిగిన భద్రత విషయానికి వస్తే, 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్‌టేమ్‌ను ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవి’ అనే 2బి వర్గంలో చేర్చింది. ఆ వార్త చదివి చాలామంది భయపడ్డారు. అదే సమయంలో ఆహార సంకలనాల సంయుక్త నిపుణుల సంఘం పాత పరిమితిని మార్చాల్సిన అవసరం లేదని తేల్చింది. ఆ పరిమితి శరీర బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 2,400 మిల్లీగ్రాములు. సుక్రలోజ్‌కు ఆ పరిమితి కిలోకు 15 మిల్లీగ్రాములు. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడం కోసం ఈ తీపి పదార్థాలను వాడవద్దని సూచించింది కానీ, ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదని అందులోనే చెప్పింది. ఎరిథ్రిటాల్ రక్తంలో ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ప్రచురించారు. అది సంబంధాన్ని చూపిందే తప్ప అదే కారణమని రుజువు చేయలేదు. అయినా గుండె జబ్బు కూడా ఉన్నవారికి నేను దాన్ని రోజువారీ వాడకానికి సిఫారసు చేయడం లేదు. పండుగకు ఒక ఉండ తినడం వేరు, రోజూ గుప్పెడు తినడం వేరు.

దుకాణంలో కొనేటప్పుడు ముందువైపు పెద్ద అక్షరాలను వదిలి వెనకవైపు చిన్న అక్షరాలను చదవండి. 950 ఎసిసల్ఫేమ్, 951 ఆస్పర్‌టేమ్, 954 శాక్రిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 965 మాల్టిటాల్, 968 ఎరిథ్రిటాల్ అని గుర్తుంచుకుంటే పేరు రాయకుండా సంఖ్య మాత్రమే వేసినా తెలిసిపోతుంది. ఇంటికి తెచ్చుకునే తీపి పొడి డబ్బాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటే అది నింపుడు కోసం కలిపిన పిండి పదార్థమని, చెంచాల లెక్కన వేస్తే అది కూడా రక్తంలో గ్లూకోజును పెంచుతుందని తెలుసుకోండి. వివరాలేవీ లేని పెట్టెను ఎంత మంచి పేరున్న చోటైనా కొనకండి.

ఒక మాట మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. షష్టిపూర్తి నాడు పూజలు, హోమం వల్ల మీ నాన్నగారి భోజనం మధ్యాహ్నం రెండింటికి జరగవచ్చు. ఉదయం మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఉంటే చెమటలు పట్టి, చేతులు వణికి, గ్లూకోజు పడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఈ ప్రత్యామ్నాయాలేవీ అక్కరకు రావు. నిజమైన పంచదారే మూడు టీస్పూన్లు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్ష చేయాలి. ఆ పూట మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే మీ డాక్టరుగారిని అడగండి.

జవాబు 4 (నెల్లూరు నుంచి, ఇరవై ఆరేళ్లుగా మిఠాయి పని చేస్తున్న వంటమాస్టరు)

ఒంగోలు మాస్టారు చెప్పిన మాటను మేము పొయ్యి దగ్గర ఇంకో రకంగా చెప్పుకుంటాం. పాకం మీద నిలబడే మిఠాయిని పాకం లేకుండా చేయకూడదు. మైసూర్ పాక్, అరిసె, బూందీ లడ్డు, పాకంలో నానే మన నెల్లూరు మలై కాజా, ఇవన్నీ ఆ జాబితాలోవే. వీటిని షుగర్ ఉన్నవారి కోసం మార్చమని ఎందరో అడిగారు, నేను ఒప్పుకోలేదు. అమ్మా, మీరు కూడా వాటి జోలికి పోవద్దు. పాలను నమ్ముకోండి.

పాలకోవాకు పాకంతో పని లేదు. లీటరు చిక్కటి గేదె పాలు వెడల్పాటి బాణలిలో పోసి, అంచులకు కట్టే మీగడను అట్లకాడతో గీకి మధ్యలోకి నెడుతూ, మంట తగ్గించకుండా కాచాలి. దాదాపు 200 గ్రాముల కోవా వస్తుంది. పంచదార వేసే పద్ధతిలో అయితే, పంచదార పడగానే కోవా మళ్లీ పలచబడుతుంది కనుక దాన్ని ఇంకొంచెంసేపు తిప్పి గట్టిపరుస్తాం. సుక్రలోజ్ వేస్తే అలా పలచబడదు. ఇది తెలియక పాత అలవాటు ప్రకారం తిప్పుతూ పోతే కోవా ఎండిపోయి ఇసుకలా రాలుతుంది, నేను మొదట్లో రెండు వాయిలు అలాగే పాడుచేశాను. కోవా బాణలిని వదిలి ఒక ముద్దగా చేరుతూ, అంచున నెయ్యి చుక్కలు కనిపించడం మొదలైనప్పుడు, ఇంకా కాస్త జారుగా ఉండగానే మంట సన్నం చేసి తీపి కలపాలి. రెండు మూడు నిమిషాలు తిప్పి దించేస్తే చల్లారేలోపు తనంతట తానే గట్టిపడుతుంది.

తీపి కొలత దగ్గర జాగ్రత్త అవసరం. కల్తీ లేని సుక్రలోజ్ పొడిని చిటికెలతో కొలవడం ఎవరి తరమూ కాదు, కొంచెం ఎక్కువైనా నోరు వెగటు పుడుతుంది. మందుల దుకాణంలో దొరికే చిన్న కొలగ్లాసు తీసుకుని, ఒక గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీటిలో కరిగించండి. ఆ నీరు ఒక మిల్లీలీటరు ఉజ్జాయింపుగా 6 గ్రాముల పంచదార తీపినిస్తుంది. లీటరు పాల కోవాకు 10 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఆ కోవా మొత్తంలో పడేది 100 మిల్లీగ్రాములే కనుక పైన నిపుణురాలు చెప్పిన పరిమితికి చాలా కిందే ఉంటుంది. వేయించే వాటిలో, కాల్చే వాటిలో మాత్రం సుక్రలోజ్ వేయకండి. 120 డిగ్రీలు దాటి వేడి చేస్తే దాని నుంచి హానికరమైన పదార్థాలు పుట్టవచ్చని జర్మనీ ప్రభుత్వ సంస్థ ఒకటి 2019లో హెచ్చరించింది. చివరి నిమిషంలో కలిపే కోవాలో అంత వేడి ఉండదు.

రెండో రకంగా సున్నుండలు చేయండి. వాటికీ పాకం లేదు. వేయించిన మినప్పప్పు పిండిలో పంచదార పొడికి బదులు ఎరిథ్రిటాల్ వేయవచ్చు కానీ, దాన్ని మిక్సీలో మెత్తగా, పిండిలా ఆడించాలి. లేకపోతే పంటి కింద పలుకులు తగులుతాయి. నోట్లో పుదీనా తిన్నట్టు చల్లదనం తెలుస్తుంది, యాలకుల పొడి కాస్త ఎక్కువ వేస్తే అది మరుగున పడుతుంది. తీపి పంచదారలో మూడింట రెండు వంతులే ఉంటుంది. దాన్ని సరిచేయాలని ఇంకా ఇంకా కలపవద్దు, నెయ్యి రుచే మిగతాది చూసుకుంటుంది.

ఇంకొకటి, పంచదార మిఠాయిని నిలవ ఉంచుతుంది. అది లేని కోవా రెండో రోజుకే పులుపు తిరుగుతుంది. ముందురోజు చేసి దాచకండి.

ఒంగోలు అధ్యాపకుడు మళ్లీ రాశారు

మాస్టరుగారు చెప్పిన కొలత పద్ధతి ప్రయోగశాలలో మేము చేసేదే, చాలా బాగుంది. ఒక్క సవరణ చేర్చాలి. లీటరు పాలలో 50 గ్రాముల దాకా పాల చక్కెర ఉంటుంది, కోవా చేసినప్పుడు అది ఎక్కడికీ పోదు. 200 గ్రాముల కోవాలో ఆ 50 గ్రాములూ ఉన్నాయంటే 25 గ్రాముల బిళ్లలో 6 గ్రాములకు పైగా ఉన్నట్టే. కనుక పంచదార వేయని కోవా అని చెప్పండి కానీ చక్కెర లేని కోవా అని చెప్పవద్దు. మినప్పప్పులోనూ సగానికి పైగా పిండి పదార్థమే. బిళ్ల పెద్ద ఉసిరికాయంత మించకుండా చూడండి.

ప్రశ్న అడిగినవారి స్పందన (కావలి నుంచి, తొమ్మిది రోజుల తరువాత)

ఇంత ఓపికగా రాసిన అందరికీ పేరుపేరునా నమస్కారాలు. జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. 998 గ్రాముల లెక్క విన్న తరువాత గాని ఆమె ముఖం తేటపడలేదు.

ఆదివారం నాడు మాస్టరుగారు చెప్పినట్టే లీటరు పాలతో కోవా చేశాం. మొదటిసారి కనుక భయపడి కొంచెం ముందే దించాం, అయినా మధ్యాహ్నానికల్లా బిళ్లలు కట్టడానికి వీలుగా వచ్చింది. నాన్నగారు మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించుకుని, చివర్లో ఒక బిళ్ల తిన్నారు. తినేముందు 131, రెండు గంటలకు 168. కడుపులో ఎలాంటి ఇబ్బందీ లేదు. రుచి ఎలా ఉందని అడిగితే, తీపి నాలుక మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తోందని, అంతకు మించి తేడా తెలియలేదని అన్నారు. సున్నుండలు మాత్రం ఆయనకు నచ్చలేదు, ఆ చల్లదనం మందు గుర్తుకు తెస్తోందట. అందుకని వాటిని మానేశాం.

డాక్టరుగారిని కూడా కలిశాం. ఆ రోజు ఉదయం ఏడింటికి రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకోమని, హోమం మధ్యలో ఒకసారి పరీక్ష చేయమని చెప్పారు. చుట్టాలకు మామూలు మైసూర్ పాక్ ఒంగోలు నుంచి తెప్పిస్తున్నాం. అందులో చిన్న ముక్క ఒకటి విరిచి నోట్లో వేసుకోవచ్చా అని నాన్నగారు డాక్టరుగారిని స్వయంగా అడిగారు. కోవా రెండో బిళ్లకు బదులుగా అయితే వేసుకోవచ్చన్నారు. వేడుక రోజు తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించేలా రెండు లీటర్ల గేదె పాలు ఇప్పటికే చెప్పి ఉంచాం, బాణలి దగ్గర నిలబడేది అమ్మే.